గ్రహపాటుకి ఒక లెక్కపుస్తకం

మనింట్లో ఎవరికైనా దెబ్బ తగిలిందంటే పరామర్శకి వచ్చినవాళ్లు అనే మొదటి మాట "గ్రహపాటు". కాసేపయ్యాక రెండో మాట వస్తుంది, "కాస్త చూసుకోవద్దూ?" అని. మొదటి మాట తప్పంతా గ్రహాల మీద వేస్తుంది. రెండోది దెబ్బ తిన్న మనిషి మీదే వేస్తుంది.

మనం తెలుగు విద్యార్థినులం కాబట్టి మాటల దగ్గరే మొదలుపెడదాం. గ్రహపాటులో ఉన్న "పాటు" పడు అనే క్రియ నుంచి వచ్చింది, చెడు నుంచి చేటు వచ్చినట్టే. పేపర్లలో రోజూ చదివే "ప్రమాదం" సంస్కృత పదం. దాని అసలు అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. ఇవాళ అపాయం అనే అర్థంలో వాడుతున్నాం గానీ ఆ పాత నింద మాట అడుగున ఉండనే ఉంది. ఇంగ్లీషు "యాక్సిడెంట్" లాటిన్ నుంచి వచ్చింది, మీద వచ్చి పడేది అని దాని మూలార్థం. అంటే అది మన గ్రహపాటుకి చుట్టమే. ఏ భాషలో చూసినా దెబ్బకి రెండే కారణాలు: పైనుంచి పడ్డ రాత, లేకపోతే మనిషి ఒళ్లు మరిచిపోవడం.

మూడో కారణం ఒకటుంది. వస్తువు, చోటు, వేళ. ఏ చెట్టు, ఎంత ఎత్తు, ఏ దీపం, ఎలాంటి బట్ట, ఏ గంటకి. ఈ మూడో కారణాన్ని పట్టుకోవాలంటే ఎవరో ఒకరు ఓపిగ్గా రాసిపెట్టాలి. ఆ పని చాలా పేద దేశాల్లో చేసింది ఆపరేషన్లు చేసే డాక్టర్లు. వాళ్ల పద్ధతి పేరు సర్జికల్ ఆడిట్. మా అక్క ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆవిడ మాటల్లో విన్నదీ, తరవాత నేను వెతికి చదివిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఆడిట్ అంటే వినడం

ఆడిట్ అనగానే మనకి డబ్బు లెక్కలే గుర్తొస్తాయి. ఆ మాట కూడా లాటిన్‌దే, దాని మూలార్థం వినడం. పాతకాలంలో లెక్కలు పైకి చదివి వినిపించేవారు, తనిఖీ చేసేవాడు కూర్చుని వినేవాడు. ఆసుపత్రిలో కూడా సరిగ్గా అదే జరగాలి. నెలకోసారో వారానికోసారో డాక్టర్లు, నర్సులు కూర్చుంటారు. ఈ నెల ఎన్ని ఆపరేషన్లు జరిగాయి? ఎంతమందికి కుట్లు చీము పట్టాయి? ఎవరిని మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చింది? ఎవరు చనిపోయారు, ఎందువల్ల? ఒక్కొక్కటే చదువుతారు. జరగాల్సినదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడుందో చూస్తారు. ఒక మార్పు చేస్తారు. కొన్ని నెలలయ్యాక మళ్లీ లెక్కపెట్టి ఆ మార్పు పనిచేసిందా అని చూస్తారు. ఈ చివరి మెట్టు లేకపోతే అది ఆడిట్ అవదు, ఉత్త రిజిస్టరే అవుతుందని మా అక్క అంటుంది.

ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునే డాక్టరు అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన ఎర్నెస్ట్ కాడ్‌మన్. ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఆపరేషన్ అయిన చాన్నాళ్లకి కూడా వాళ్లెలా ఉన్నారో కనుక్కుని రాయాలని ఆయన పట్టు. 1911లో సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాడు. 1916 వరకు అక్కడ చూసిన 337 మంది రోగుల విషయంలో 123 పొరపాట్లు జరిగాయని తనే లెక్కగట్టి తనే అచ్చువేయించాడు. సాటి డాక్టర్లకి అది నచ్చలేదు. పొరపాటుని దాచుకోవడమే మర్యాద అనుకునే రోజులవి.

ఇలా రాసుకుని చూసుకోవడం వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా? నిలుస్తాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకి 19 అంశాల చెక్‌లిస్టు ఒకటి తెచ్చింది. అందులో పెద్ద విద్య ఏమీ లేదు. రోగి ఈయనేనా, కోయాల్సింది ఈ వైపేనా, ఇన్‌ఫెక్షన్ రాకుండా ముందుగా ఇవ్వాల్సిన మందు ఇచ్చారా, లోపల పెట్టిన గుడ్డలన్నీ లెక్కకి వచ్చాయా, ఇలాంటివే. ఢిల్లీతో కలిపి 8 దేశాల్లోని 8 నగరాల్లో దాన్ని వాడి చూశారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ తరవాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. దాదాపు సగం. ఖర్చు ఒక కాగితం.

ఇదంతా థియేటర్ తలుపు లోపలి కథ. అదే రిజిస్టరుని ఇంకోలా కూడా చదవచ్చు. ఆపరేషన్ ఎలా జరిగింది అని కాకుండా, ఈ మనిషి అసలు ఈ బల్ల మీదకి ఎందుకు వచ్చాడు అని అడగచ్చు. అలా అడిగిన ఒక డాక్టరు కథ ఇప్పుడు చెప్తాను. మన యానాం వాళ్లకి, చుట్టుపక్కల కోనసీమ వాళ్లకి ఇది బాగా దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే కథలో కొబ్బరి చెట్లున్నాయి.

అలొటావు కొబ్బరికాయలు

ఆస్ట్రేలియాకి ఉత్తరాన పాపువా న్యూ గినియా అనే దేశం ఉంది. 1975లో స్వతంత్రమైంది. ఆ దేశపు ఆగ్నేయ కొసన సముద్రం ఒడ్డున మిల్నే బే అనే రాష్ట్రం, దానికి ముఖ్యపట్టణం అలొటావు. దీవులు, తీర గ్రామాలు, ఎక్కడ చూసినా కొబ్బరి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో 1980 ప్రాంతాల్లో పీటర్ బార్స్ అనే డాక్టరు పనిచేశారు. దెబ్బలతో చేరినవాళ్ల వివరాలు నాలుగేళ్లవి తిరగేసి, దెబ్బ దేనివల్ల తగిలిందో విడివిడిగా లెక్కపెట్టారు.

లెక్కలో ఒక చిత్రమైన అంకె వచ్చింది. దెబ్బలతో చేరినవాళ్లలో నూటికి 2.5 మంది, అంటే నలభై మందిలో ఒకరు, తల మీదో భుజం మీదో కొబ్బరికాయ పడి వచ్చినవాళ్లు. దీని మీద ఆయన 1984లో ఒక వైద్య పత్రికలో చిన్న వ్యాసం రాశారు. తలకి దెబ్బ తగిలిన నలుగురి సంగతి అందులో ఉంది. ఇద్దరికి పుర్రె తెరిచి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మిగతా ఇద్దరు కాయ పడిన చోటే, ఊళ్లోనే ప్రాణం వదిలారు.

కాయ పడితే అంత దెబ్బేంటి అనుకోకండి. లెక్క వేసుకుందాం. అక్కడి ముదురు చెట్లు 24 నుంచి 35 మీటర్ల ఎత్తుంటాయి. పీచుతో ఉన్న కాయ ఒకటి నుంచి నాలుగు కిలోలు తూగుతుంది. రెండు కిలోల కాయ 25 మీటర్ల నుంచి పడితే, గాలి అడ్డు వదిలేసి చూస్తే, నేల దగ్గరికి వచ్చేసరికి వేగం గంటకి దాదాపు 80 కిలోమీటర్లు. ఆ వేగమంతా తల మీద అయిదు సెంటీమీటర్ల లోపల ఆగిపోతే తగిలే బలం ఒక టన్ను బరువుతో సమానం. మన కాలేజీ ఫిజిక్స్ వాళ్లని అడిగితే పది నిమిషాల్లో తేల్చేస్తారు.

ఈ వ్యాసానికి 2001లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి అది. ప్రపంచం నవ్వింది. తరవాతి ఏడాది బ్రిటన్‌లో ఒక ప్రయాణ బీమా కంపెనీ తన ప్రచారంలో, కొబ్బరికాయలు పడి ప్రపంచంలో ఏటా 150 మంది చనిపోతున్నారని చెప్పింది. సొరచేపల కంటే కొబ్బరికాయలే ప్రమాదం అని పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. ఇవాళ్టికీ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. బార్స్ వ్యాసంలో ఆ 150 లేదు. ఆ అంకె వెనక ఏ ఆసుపత్రి రిజిస్టరూ లేదు. ఒకటి నలభైలో ఒకరు అనే అంకె. దాని వెనక ఊరుంది, నాలుగేళ్లున్నాయి, పడకలున్నాయి. రెండోది 150 అనే అంకె. దాని వెనక ప్రకటన ఉంది. ఆడిట్ నేర్పే మొదటి పాఠం ఇదేనని నాకనిపిస్తుంది: అంకె కనబడితే దాని పుస్తకం ఎక్కడుందని అడగాలి.

నవ్వినవాళ్లు గమనించని సంగతి ఇంకోటుంది. ఆ ఆసుపత్రిలో కాయ పడి వచ్చినవాళ్ల కంటే చెట్టు మీంచి తామే పడి వచ్చినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. చెట్లకి సంబంధించిన దెబ్బలన్నీ కలిపితే, దెబ్బలతో చేరినవాళ్లలో సుమారు నాలుగో వంతు. ఆ పరిశీలన కూడా 1984లోనే అచ్చయింది. అందులో పిల్లలు చాలామంది.

అంతకి ముందు ఏడాది, 1983లో, బార్స్ ఇంకొకరితో కలిసి గడ్డిపావడాల మంటల గురించి రాశారు. అక్కడి ఆడవాళ్లు, ఆడపిల్లలు ఎండిన ఆకులతో, నారతో చేసిన పావడాలు కట్టుకునేవారు. వంట నేల మీది పొయ్యి దగ్గర. నిప్పురవ్వ ఎగిరి పడితే ఆ పావడా ఒక్క క్షణంలో అంటుకుంటుంది. ఇది మగవాళ్లకి తగిలే దెబ్బ కాదు. ఎవరు, ఏం కట్టుకుని, ఎక్కడ కూర్చుని ఉండగా అని రాసుకోకపోతే, అది "కాలిన గాయాలు" అనే ఒక్క మాట కింద పడిపోయి ఉండేది. రాసుకున్నారు కాబట్టే ఆ గాయానికి ఒక ముఖం వచ్చింది.

రిజిస్టరులోకి రానివాళ్లు

పేద దేశంలో ఈ పుస్తకానికి ఎందుకంత విలువ? చాలా చోట్ల దెబ్బల గురించి వేరే లెక్క ఉండదు. పొలంలో పడినవాడి మీద పోలీసు కేసు ఉండదు. బీమా ఉండదు. పనిలో దెబ్బ తగిలితే రాసే యజమాని ఉండడు. మిగిలింది ఆసుపత్రిలో చేర్చుకునే రిజిస్టరు ఒక్కటే.

దానికీ ఒక కన్ను లేదు. బార్స్ చెప్పిన ఆ ఇద్దరినీ చూడండి. వాళ్లు ఊళ్లోనే పోయారు, పడక దాకా రాలేదు. రిజిస్టరు మాత్రమే చూస్తే కాయ పడి ఎవరూ చావలేదని తేలేది. బాగా తీవ్రమైన దెబ్బలు తగిలినవాళ్లు దారిలోనే పోతారు. చిన్న దెబ్బలవాళ్లు కట్టు కట్టించుకుని ఇంటికెళ్తారు. పడవ ఖర్చు, ఆటో ఖర్చు లేనివాళ్లు అసలు రారు. వీళ్లందరూ పోగా మిగిలినవాళ్లే రిజిస్టరులో ఉంటారు. మంచి ఆడిట్ చేసే డాక్టరు ఆసుపత్రి గోడ దగ్గర ఆగడు, ఊళ్లోకి వెళ్లి అడుగుతాడు.

దెబ్బకి మూడు కాలాలు

లెక్క తేలింది సరే, దాంతో ఏం చేయాలి? దీనికి విలియం హాడన్ అనే అమెరికా డాక్టరు 1970 ప్రాంతాల్లో ఒక తేలిక పద్ధతి చెప్పాడు. ఆ దేశంలో రోడ్డు భద్రత కోసం 1966లో పెట్టిన ప్రభుత్వ సంస్థకి మొదటి అధిపతి ఆయనే. ప్రతి దెబ్బనీ మూడు కాలాలుగా విడదీయమంటాడు: దెబ్బకి ముందు, దెబ్బ తగిలే క్షణం, దెబ్బ తరవాత. ఒక్కో కాలంలోనూ మనిషిని, వస్తువుని, పరిసరాన్ని విడివిడిగా చూడమంటాడు. మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. "చూసుకోవద్దూ?" అనే మాట ఆ తొమ్మిదింటిలో ఒక్క గడిలోనే పడుతుంది. మిగతా ఎనిమిది గళ్లూ మనం ఖాళీగా వదిలేస్తున్నాం.

ఇది పుస్తకాల మాటలా ఉంటే, మా ఇంటి దగ్గరి సంగతి చెప్తాను. మా మావయ్య వాళ్ల తోటలో దింపు తీసే ఆయన్ని మేం బాబాయి అని పిలుస్తాం. మూడేళ్ల కింద వానాకాలంలో చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుం కింద నుంచి స్పర్శ లేదు. పింఛను దరఖాస్తు నింపడానికి, రాయడం వచ్చిన పిల్లనని నన్ను పిలిచారు. ఆసుపత్రి కాగితాల్లో దెబ్బకి కారణం అన్న చోట "చెట్టు మీంచి పడుట" అని ఉంది. అంతే. విరిగిన ఎముక గురించి అరపేజీ, వాడిన మందుల గురించి రెండు పేజీలు, పడిన తీరు గురించి మూడు మాటలు.

నేను దరఖాస్తు పక్కన పెట్టి, "ఎలా పడ్డావు బాబాయ్?" అని అడిగాను. అప్పటిదాకా ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదన్నాడు. అందరూ "అయ్యో" అన్నారుట, "తాగావా?" అని కూడా అడిగారుట. తాగలేదు. చెప్పడం మొదలుపెట్టాక పావుగంట చెప్పాడు. ఆ పొద్దున అది పదకొండో చెట్టు. రాత్రంతా వాన కురిసి మాను నాచు పట్టి జారుతోంది. అయినా మాను మీద జారలేదు. పైకి చేరాక గెల అందుకోవడానికి ఒక మట్ట పట్టుకున్నాడు. అది పైకి పచ్చగా ఉన్నా మొదలు కుళ్లిపోయిన మట్ట. చేతిలోకి ఊడి వచ్చేసింది. నడుముకి తాడు లేదు. కింద పడ్డాక నలుగురు చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లారు.

ఇప్పుడు హాడన్ గళ్లు నింపి చూడండి. దెబ్బకి ముందు: వాన వెలిసిన పొద్దున్న దింపు ఆపచ్చు. చెట్టుకింత అని కాకుండా రోజు కూలి ఇస్తే పదకొండో చెట్టు ఎక్కే తొందర తగ్గుతుంది. కొత్తగా నాటేటప్పుడు పొట్టి రకాలు వేయచ్చు. దెబ్బ క్షణంలో: నడుముకి బెల్టు ఉంటే మట్ట ఊడినా మనిషి చెట్టుకే వేలాడేవాడు. దెబ్బ తరవాత: వెన్ను విరిగినవాణ్ని కూర్చోబెట్టకూడదు. మెడా నడుమూ వంచకుండా చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, అంబులెన్స్ కోసం 108కి ఫోన్ చేయాలి. విరిగిన పూస కదిలితే లోపలి వెన్నుపాము ఇంకా నలుగుతుంది. ఇందులో ఏ ఒక్కటీ బాబాయి గ్రహచారంలో లేదు. ఏ ఒక్కటీ ఆసుపత్రి కాగితంలోనూ లేదు. మన దేశంలో వెన్నుపూస దెబ్బలకి ఎత్తు నుంచి పడటం పెద్ద కారణాల్లో ఒకటి. ప్రతి కాగితంలోనూ మూడే మాటలుంటే మట్ట సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

తెలిసిన చోట మార్పు వచ్చింది. కేరళలో కణ్ణూరు జిల్లా చెంబేరికి చెందిన జోసెఫ్ అనే రైతు, నిలబడి కాళ్లతో తొక్కుతూ ఎక్కే పరికరం చేశాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి అలాంటి పరికరాలతో చెట్లెక్కడంలో శిక్షణ ఇస్తోంది. నేర్చుకున్నవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. చేతులతో కావలించుకుని ఎగబాకే పని కాస్తా మెట్లెక్కే పనిలా మారితే, ఎవరు ఎక్కగలరు అన్న లెక్క కూడా మారిపోయింది.

వస్తువుని మార్చిన సర్జను

వస్తువుని మార్చడం ఎంత పని చేస్తుందో చెప్పడానికి పక్కనే ఉన్న శ్రీలంక కథ చాలు. అక్కడ కరెంటు లేని ఇళ్లలో ఖాళీ సీసాలో కిరసనాయిలు పోసి, మూతకి చిల్లు పెట్టి, వత్తి దూర్చి దీపం చేసుకునేవారు. మన ఊళ్లలో బుడ్డిదీపం అంటామే, అదే. సీసా పొడుగు, తేలిక. పిల్లవాడి చెయ్యి తగిలినా పిల్లి దూకినా పడుతుంది, దొర్లుతుంది, నూనె ఒలికి మంట పాకుతుంది. విజయ గొడకుంబుర అనే సర్జను ఆ కాలిన ఒళ్లకి ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేశారు. వార్డులో ఎంతమందిని బాగుచేసినా ఇంకో మంచం నిండుతూనే ఉంది. దాంతో ఆయన దీపం మీద పడ్డారు.

1992 ప్రాంతంలో ఆయన ఒక కొత్త దీపం రూపు గీశారు. పొట్టిగా, మందపాటి గాజుతో, బరువుగా ఉంటుంది కాబట్టి తేలిగ్గా పడదు. రెండు పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి పడినా దొర్లదు. మరతో బిగించే లోహపు మూత ఉంటుంది కాబట్టి నూనె ఒలకదు. ఆయన చేసిందంతా ఈ మూడు మార్పులే. పేదవాళ్లు కొనుక్కోగల ధరలో తయారుచేయించి, లక్షల్లో పంచారు. 1998లో ఆయనకి రోలెక్స్ అవార్డు వచ్చింది. ఆ దీపం పేరు సుదీప. మంచి దీపం అన్నమాట, మనకీ అర్థమయ్యే పేరే.

ఇక్కడ గమనించాల్సింది ఆయన ఏం చేయలేదో కూడా. తల్లులని తిట్టలేదు. దీపం వెలిగించొద్దని పోస్టర్లు వేసి కూర్చోలేదు. చీకట్లో చదువుకునే పిల్లకి దీపం కావాల్సిందే, కాబట్టి దీపమే మారాలి.

మన బండ్లు, మన పొయ్యిలు

ఆడవాళ్ల కోసమే పుట్టిన ఇలాంటి వస్తువు మన రోడ్ల మీద రోజూ తిరుగుతోంది. మోటార్‌సైకిల్ వెనక చక్రం పక్కన ఉండే జాలీ, శారీ గార్డ్. అది అలంకారం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దాని గురించే. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రంలో కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి, పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టడానికి ఆధారం ఉండాలి అని చెప్తుంది. చాలామంది అన్నయ్యలు బండి కొన్న మర్నాడే స్టయిల్‌కి అడ్డమని దాన్ని విప్పించేస్తారు. చున్నీ చక్రంలో పడితే మెడకి ఉరి బిగుసుకున్నట్టే. ఇకనుంచి బండెక్కే ముందు ఎవరిదైనా సరే ఆ జాలీ ఉందో లేదో చూడండి. చున్నీ వెనక్కి వదలకుండా ముందుకి తెచ్చి ముడేసుకోవడం మన గడి, జాలీ ఉంచడం బండివాడి గడి. రెండూ నిండాలి.

పొయ్యి సంగతి ఇంత తేలిగ్గా చెప్పలేను. మన దేశంలో కొన్ని దశాబ్దాల పాటు ఎంతోమంది కోడళ్ల కాలిన గాయాల పక్కన "స్టవ్ పేలి" అని రాసేశారు. కొన్ని నిజంగానే స్టవ్‌లు. కొన్ని కావు. ఎలా కాలింది, నూనె ముందు ఒంటి మీద పడిందా నేల మీద పడిందా, తలుపు ఎటువైపు గడియ వేసి ఉంది, పెళ్లయి ఎన్నేళ్లయింది అని ఎవరూ అడగకపోతే అవన్నీ ప్రమాదాలుగానే మిగిలిపోయేవి. మహిళా సంఘాలు ఆ ప్రశ్నలే పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడాయి. 1986లో వరకట్న మరణాన్ని వేరే నేరంగా చట్టంలో చేర్చారు. పెళ్లయిన ఏడేళ్ల లోపు అలా చనిపోతే అంతకుముందు కట్నం కోసం హింస జరిగిందా అని అడగమంటుంది ఆ చట్టం. కాబట్టి "ఎలా జరిగింది?" అన్నది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. దెబ్బ తిన్న మనిషికి మనం చేయగల మొదటి న్యాయం అదే.

మన హాస్టల్‌కి ఒక నోటుబుక్కు

ఇంత చదివాక ఊరికే ఉండబుద్ధి కాక, మా హాస్టల్ బ్లాక్‌లో మేం నలుగురం ఈ టర్మ్ నుంచి ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టాం. మేడమ్ అనుమతి ఉంది. పేర్లు రాయం. ఆరు గడులు: తేదీ, గంట, చోటు, ఏ వస్తువు, సరిగ్గా ఎలా జరిగింది, తరవాత ఏం చేశారు. "జారి పడింది" అని రాస్తే ఒప్పుకోం. ఏ మెట్టు, తడా పొడా, లైటు ఉందా, చేతిలో ఏముంది, కాళ్లకి ఏ చెప్పులు అని రాయాలి.

రెండు నెలలకి తొమ్మిది దెబ్బలు నమోదయ్యాయి. తొమ్మిదింటితో పెద్ద మాటలు చెప్పకూడదని నాకు తెలుసు. అయినా చదివి వినిపించుకున్నప్పుడు ఒకటి కనబడింది. తొమ్మిదిలో నాలుగు ఒకే చోట, నీళ్ల ట్యాంకు పక్క మెట్ల దగ్గర, నాలుగూ పొద్దున్న ఆరుకీ ఏడుకీ మధ్య, నాలుగింటిలోనూ చేతిలో వేణ్నీళ్ల బకెట్. వేణ్నీళ్లు కింద కాగుతాయి, స్నానాల గదులు పైన ఉన్నాయి. ఇద్దరికి పాదాలు బొబ్బలెక్కాయి. అంతకుముందు ఎవరికి వాళ్లం మన పరధ్యానమే అనుకున్నాం. నలుగురి పరధ్యానమూ ఒకే మెట్టు దగ్గరికి వచ్చి ఎందుకు ఆగుతుంది?

ఆ పేజీ జిరాక్స్ తీసి వార్డెన్ మేడమ్‌కి ఇచ్చాం. హీటర్ పాయింటు పైకి మార్చడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తామన్నారు. ఈలోగా బకెట్ సగమే నింపాలని, పైన మూత పెట్టాలని అనుకున్నాం. మార్చాక ఇంకో రెండు నెలలు రాస్తాం. అదే మెట్టు దగ్గర మళ్లీ దెబ్బలు తగిలితే మా మార్పు పనిచేయలేదని తెలుస్తుంది, ఇంకోటి చేస్తాం.

నోటుబుక్కు రెండో అంతస్తులో మంచినీళ్ల ఫిల్టర్ పక్కన మేకుకి వేలాడుతోంది, పెన్ను దారంతో కట్టి ఉంది. డే స్కాలర్లు కూడా రాయచ్చు. బస్సు దిగేటప్పుడు తగిలినవి, ల్యాబ్‌లో కాలినవి, బండి మీద చున్నీ లాగినట్టయి ఎలాగో తప్పించుకున్నవి కూడా రాయండి. తప్పిపోయిన దెబ్బ కూడా లెక్కలోకి వస్తుంది.